417 సెకన్లు మాత్రమే వెలిగిన క్రిస్మస్ చెట్టు: వైట్‌హౌస్ కథ

ఈ రోజు ఒక లెక్కతో మొదలుపెడదాం. 417 సెకన్లు. అంటే 6 నిమిషాల 57 సెకన్లు. 1980 డిసెంబర్ 24న వైట్‌హౌస్ దగ్గరున్న జాతీయ క్రిస్మస్ చెట్టు సరిగ్గా అంతసేపే వెలిగింది. తర్వాత లైట్లు ఆర్పేశారు. కరెంటు పోలేదు, ఫ్యూజ్ కొట్టలేదు. కావాలనే ఆర్పేశారు. ఎందుకు? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

వైట్‌హౌస్ లోపల క్రిస్మస్ చెట్టు పెట్టినట్టు మనకి గట్టిగా తెలిసిన మొదటి సంవత్సరం 1889. అప్పటి ప్రెసిడెంట్ బెంజమిన్ హారిసన్. మేడ మీద, కుటుంబం ఉండే అంతస్తులో, మనవళ్ళ కోసం పెట్టించాడు. లైట్లు కాదండీ, కొవ్వొత్తులు! ఎండిపోయే చెట్టు మీద మంటలు. 1894లో గ్రోవర్ క్లీవ్‌లాండ్ హయాంలో చెట్టుకి కరెంటు బల్బులొచ్చాయి.

ఇక్కడ ఇంటర్నెట్‌లో బాగా తిరిగే కథ ఒకటుంది. అడవులంటే ప్రేమ కాబట్టి థియోడర్ రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో చెట్టుని బ్యాన్ చేశాడట. అలా బ్యాన్ చేశాడనడానికి ఆధారం లేదు. అసలు ఆ ఇంట్లో చెట్టు పెట్టే అలవాటే లేదు. నిజంగా జరిగింది ఇంకా బాగుంటుంది. 1902లో ఎనిమిదేళ్ళ కొడుకు ఆర్చీ, ఒక వడ్రంగి సాయంతో పెద్ద అల్మరాలో చిన్న చెట్టు దాచిపెట్టి అందరినీ సర్‌ప్రైజ్ చేశాడు. కుక్కకీ, పిల్లిపిల్లకీ, గుర్రానికీ కూడా గిఫ్టులు పెట్టాడు. ఇది స్వయంగా రూజ్‌వెల్టే ఉత్తరంలో రాశాడు.

అప్పటిదాకా అది ఇంటి పండగ. 1923లో వీధిలోకి వచ్చింది. కాల్విన్ కూలిడ్జ్ సొంత రాష్ట్రం వెర్మాంట్ నుంచి 48 అడుగుల చెట్టు తెచ్చి వైట్‌హౌస్‌కి దక్షిణాన ఉన్న మైదానంలో నిలబెట్టారు. ఆయన స్విచ్ నొక్కితే 2,500 బల్బులు వెలిగాయి. దీని వెనక కరెంటు పరిశ్రమ వాళ్ళ ప్రచారం కూడా ఉందనుకోండి. కానీ ఆ రోజు నుంచి ఆ స్విచ్‌కి ఒక అర్థం వచ్చింది. వెలిగించడం ఎంత పెద్ద మాటో, వెలిగించకపోవడమూ అంతే పెద్ద మాట.

1941 చూడండి. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి 17 రోజులే అయింది. అయినా ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చెట్టు వెలిగించాడు, పక్కన బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఉన్నాడు. తర్వాత 1942 నుంచి 1944 దాకా మూడేళ్ళు చెట్టుంది, అలంకరణ ఉంది, లైట్లు లేవు. యుద్ధం అయ్యాక 1945లో ట్రూమన్ మళ్ళీ వెలిగించాడు. 1963లో కెన్నెడీ హత్య తర్వాత 30 రోజులు సంతాపం. అది పూర్తయ్యేదాకా ఆగి, డిసెంబర్ 22న జాన్సన్ స్విచ్ వేశాడు.

ఇప్పుడు మన లెక్క దగ్గరికి వద్దాం. 1979 నవంబర్ 4న టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్ళని బందీలుగా పట్టుకున్నారు. ఆ డిసెంబర్‌లో జనం చెట్టు చూడటానికి వచ్చారు. ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ కూతురు ఏమీ స్విచ్ నొక్కింది. పైన నక్షత్రం ఒక్కటే వెలిగింది. పెద్ద చెట్టంతా చీకటి. చుట్టూ 50 చిన్న చెట్లు, ఒక్కో బందీకి ఒకటి. మనవాళ్ళు ఇంటికొచ్చాకే మిగతా లైట్లు అన్నాడు కార్టర్.

ఏడాది గడిచింది. వాళ్ళు రాలేదు. మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. అప్పటికి 417వ రోజు. రోజుకి ఒక్క సెకను చొప్పున వెలిగించి ఆర్పేశారు. ఆ మధ్యలో కార్టర్ ఎన్నికలు కూడా ఓడిపోయాడు. చివరికి 1981 జనవరి 20న, రీగన్ ప్రమాణం చేసిన కాసేపటికే బందీలు బయటపడ్డారు. మొత్తం 444 రోజులు.

నేను కోడ్ రాసేటప్పుడు ఆన్ అంటే 1, ఆఫ్ అంటే 0, అంతే. ఈ చెట్టు దగ్గర మాత్రం ఆఫ్ అంటే సున్నా కాదు, ఇంట్లో ఇంకా మనిషి తక్కువున్నాడని. పండగ రోజు అందరూ వచ్చారా అని గుమ్మం వైపు చూసే అమ్మలకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ వీడియో కూడా 417 సెకన్లు లేదండీ. ఒకసారి టైమర్ పెట్టుకుని అంతసేపు ఊరికే కూర్చుని చూడండి. ఎలా అనిపించిందో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం.