పౌరుని చేతి తుపాకి

1940వ సంవత్సరము మే 14వ తేదీ రాత్రి, తొమ్మిది గంటల వార్తల పిమ్మట, బ్రిటిషు యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో ప్రసంగించెను. జర్మను సైనికులు హాలెండులో పారాచూటులతో దిగిన దినములవి. అట్టివారు తమ పొలములలోను దిగుదురేమో యని ఇంగ్లండు పల్లెలు కలవరపడుచుండెను. 17 ఏండ్లు మొదలు 65 ఏండ్ల వరకు గల పురుషులు దగ్గరి పోలీసు ఠాణాలో పేరు నమోదు చేయించుకొనవలెననియు, జీతము మాత్ర ముండదనియు, దుస్తులును ఆయుధములును ప్రభుత్వమే ఇచ్చుననియు ఆయన చెప్పెను. ప్రసంగము ముగియక మునుపే కొన్ని ఠాణాలకు జనులు వచ్చి చేరిరందురు. జూలై నెలాఖరునకు వారి సంఖ్య 14 లక్షలు దాటెను. రేడియో మాటకు ఇంతటి సేన కదలి వచ్చినదని చెప్పుకొనుటలో రేడియోవారికి కొంత గర్వముండిన తప్పులేదు.

ఆయుధము లిత్తుమని మంత్రి చెప్పెనేగాని అవి ఎక్కడ నున్నవి? ఆ తరువాత మూడు వారములలోనే డన్‌కర్క్ తీరమునుండి మూడు లక్షల ముప్పదియెనిమిది వేల మంది సైనికులను ఓడలలో తప్పించి తెచ్చిరి. మనుష్యులు వచ్చిరిగాని ఫిరంగులును, బండ్లును, యుద్ధసామగ్రియు చాలవరకు అచ్చటనే మిగిలిపోయినవి. ఉన్న రైఫిళ్ళు సైన్యమునకే చాలవు. ఇక పౌరుల ఇండ్లలో నున్న వెన్ని? 1920వ సంవత్సరపు చట్టము ననుసరించి రైఫిలుగాని పిస్తోలుగాని ఉంచుకొనుటకు పోలీసులిచ్చు అనుమతిపత్రము కావలెను. వేటతుపాకులకు ఆ నిర్బంధము లేదు. కావున రైతుల ఇండ్లలో కుందేళ్ళను, పక్షులను కొట్టు తుపాకులే కానవచ్చెను. చిన్న రవ్వల తూటాలు మనుష్యుని ఆపజాలవని, వానికై ఒంటిగుండు తూటాలను ప్రత్యేకముగా చేయించిరి. తుపాకి దొరకనివారు కర్రలతో, పంటకొయ్యలతో రాత్రి కాపలా కాచిరి. ఎల్.డి.వి. యని పిలువబడిన ఆ దళపు పొడి అక్షరములకు, చూడుము, వంగుము, మాయమగుము అని అర్థము చెప్పి పరిహాసకులు నవ్వుకొనిరి. జూలైలో చర్చిలు ఆ పేరు తీసివేసి హోమ్‌గార్డు అని నామకరణము చేసెను.

ఆ వేసవిలో అమెరికానుండి అయిదు లక్షలకు పైగా రైఫిళ్ళు వచ్చెను. అవి మొదటి ప్రపంచయుద్ధకాలమున చేయబడి, దట్టమైన కొవ్వుపూతలో ఇరువదేండ్లు గిడ్డంగులలో నిదురించినవి. ఆ జిడ్డును గోకి కడిగి తుడుచుటయే ఒక యజ్ఞమయ్యెను. వాని తూటా బ్రిటిషు తూటాకంటె వేరు. ఒకటి మరొకదానిలో పెట్టిన ప్రమాదము. కావున గుర్తునకై తుపాకిచుట్టు ఎఱ్ఱరంగు పట్టీ వేసిరి. అమెరికాలోని ఒక సంఘము పత్రికలలో ప్రకటనలు వేసి, బ్రిటిషు గృహముల రక్షణకై మీ తుపాకులను దానము చేయుడని అచ్చటి పౌరులను కోరెను. వేటగాండ్ర రైఫిళ్ళు, పిస్తోళ్ళు, దుర్భిణీలు సముద్రము దాటి వచ్చినవి. పేరుగాంచిన గురికాడొకడు తన పోటీ రైఫిలుపై లోహపు పలక బిగించి, యుద్ధానంతరము తిరిగి పంపవలసినదని దానిపై చెక్కించి పంపెను. అది నిజముగానే తిరిగి చేరెను.

ఈ కథను చెప్పి, పౌరులను నిరాయుధులను చేసిన దేశమునకు తుదకు ఇరుగుపొరుగుల యాచనయే గతియని కొందరు వాదింతురు. ఆ వాదములో సగమే నిజమని నా అభిప్రాయము. దానముగా వచ్చిన తుపాకులు కొన్ని వేలు. దళమును నిలబెట్టినవి ప్రభుత్వపు గిడ్డంగులనుండి వచ్చిన లక్షలు. జర్మనులు కాలువ దాటకుండుటకు కారణము బ్రిటిషు విమానదళమును నౌకాదళమునే గాని వేటతుపాకులు కావు. పైగా శిక్షణ లేని చేతికి తుపాకి వచ్చిన నేమగునో 1940 జూన్ నెలలోనే కానవచ్చెను. ఆగుమన్న కేక వినబడక ముందుకు సాగిన కార్లపై కాపలావారు కాల్పులు జరుపగా స్వజనులే కొందరు మరణించిరి.

1941లో జరిగిన బల్లెముల ముచ్చట మరియు విచిత్రము. ప్రతివానికి ఏదో యొక ఆయుధ ముండవలెను, బల్లెమైనను సరే యని చర్చిలు వ్రాసెను. యుద్ధకార్యాలయము ఆ మాటను అక్షరాల పాటించి, ఉక్కుగొట్టములకు పాత బాయొనెట్లను అతికించి రెండున్నర లక్షల బల్లెములు చేయ నాజ్ఞాపించెను. అవి చేరినచోట జనులు నవ్విరి, కొందరు కోపించిరి. చాలభాగము గిడ్డంగులు దాటనే లేదు.

దుస్తులు రాకముందు ఈ దళమువారికి మొదట నిచ్చినది చేతికి కట్టుకొను పట్టీ. దానికి పెద్ద కారణము కలదు. 1907 నాటి హేగ్ ఒడంబడిక ననుసరించి, బాధ్యుడైన నాయకుడు, దూరమునకు కనబడు గుర్తు, బాహాటముగా ధరించిన ఆయుధము, యుద్ధనియమముల పాటింపు ఉన్న పౌరదళమే సైన్యముగా గణింపబడును. అవి లేని పౌరుడు చిక్కినచో శత్రువు వానిని కాల్చి చంపవచ్చునన్న భయముండెను. 1914లో బెల్జియము ఈ భయముతోనే తన ప్రజల సొంత తుపాకులను పురమందిరములలో అప్పగింపజేసెను. అయినను, పౌరులు చాటునుండి కాల్చుచున్నారను నెపమున జర్మను సైన్యము డినాంట్ పట్టణములో 674 మందిని చంపెను. లువేన్ నగరములో గ్రంథాలయమును తగులబెట్టెను. తుపాకి అప్పగించుటవలన రక్షణ లభింపలేదు. 1940లో జర్మను రేడియో బ్రిటిషు దళములను హంతకుల గుంపులని నిందించినపుడు, చేతిపట్టీ కట్టుకొన్న ప్రతివానికిని డినాంట్ గుర్తు వచ్చియుండును.

మన మోతీహారిలో పుట్టి, బర్మాలో పోలీసు ఉద్యోగము చేసి విడిచిన జార్జి ఆర్వెల్ లండనులో హోమ్‌గార్డు సార్జంటు. కూలివాని యింటి గోడకు రైఫిలు వ్రేలాడుట ప్రజాస్వామ్యమునకు చిహ్నమని ఆయన భావించెను. ఆ మాట చదివిన భారతీయునికి ఒక ప్రశ్న తోచకపోదు. ఆ ప్రభుత్వమే మన గోడలను గూర్చి ఏమి తలచెను?

1878లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయుధచట్టము వచ్చెను. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచరాదు; యూరోపియనులకు మాత్రము చిరకాలము మినహాయింపు. అడవిపందులనుండి చేను కాపాడుకొన గోరు రైతు కచేరీ చుట్టు తిరుగవలసినదే. 1887లో మదరాసున కూడిన మూడవ కాంగ్రెసు మహాసభ, ఈ చట్టము ప్రజల రాజభక్తికి అవమానమని సవరణ కోరెను. వినినవారు లేరు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు పడినది తుపాకుల కొరకే.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. తీరమున ఏ.ఆర్.పి. వార్డెన్లు దీపము లార్పించుచు, జనులను కందకములకు పంపుచుండిరి. ఆ వారముననే ఢిల్లీలో క్రిప్సు రాయబారము జరుగుచుండెను. దేశరక్షణ భారతీయుల చేతిలో నున్ననే ఇది తమ యుద్ధమని ప్రజలు తలంతురని కాంగ్రెసు వాదించెను. సంప్రదింపులు ఆ చోటనే చిక్కుపడి, 10వ తేదీకి విఫలమయ్యెను. ఈ యుద్ధమున భారతసైన్యములో చేరినవారు పాతికలక్షల మంది. వారిని నమ్మి దూరదేశములకు పంపిన ప్రభుత్వము, వారి తండ్రులను, అన్నదమ్ములను సొంత ఊరి కాపలాకు నమ్మజాలకపోయెను.

లిట్టన్ నాటి చట్టము స్వాతంత్ర్యానంతరముకూడ కొంతకాలము నిలిచెను. దానిస్థానే చేసిన 1959 చట్టము 1962 అక్టోబరు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. సరిగా 19 దినములకు, అక్టోబరు 20న, చైనా సైన్యము హిమాలయములలో దాడి చేసెను. మరుసటి యేడు ప్రభుత్వము స్పెషల్ సర్వీస్ బ్యూరో అను సంస్థను స్థాపించి సరిహద్దు పల్లెలకు బోధకులను పంపెను. పశువుల కాపరులు, సేద్యగాండ్రు, స్త్రీలు సయితము కొండవాలులపై బోర్లపడుకొని రైఫిలు పట్టుట నేర్చిరి.