కిన్నెరసాని ఒడ్డుకు చేరిన ఐరోపా భావాలు

కిన్నెరసాని పెద్ద నది కాదు. ములుగు ప్రాంతపు కొండలలో పుట్టి, పాల్వంచ అడవులగుండా పారి, బూర్గంపాడు సమీపాన గోదావరిలో కలిసిపోతుంది. అయినా దానికంటె ఎన్నో రెట్లు పెద్దవైన ఏరులకు లేని ప్రసిద్ధి తెలుగువారిలో దానికి లభించింది. విశ్వనాథ సత్యనారాయణగారు 1920 దశకంలో రచించిన 'కిన్నెరసాని పాటలు' అందుకు కారణం. అత్తగారి నిష్ఠురాలు పడలేక కిన్నెర అనే ఇల్లాలు అడవిలోకి పరుగెత్తుతుంది. భర్త వెంటబడి కౌగిలించుకోగా ఆమె కరిగి నీరై ప్రవహిస్తుంది. అతడు శిల అయిపోతాడు. తరువాత సముద్రుడు ఆమెను కోరుతాడు; గోదావరి ఆమెను తనలో చేర్చుకొని కాపాడుతుంది. ఇదీ కథ.

ఇటువంటి కథ ఐరోపాలోనూ ఉన్నది. రెండువేల సంవత్సరాల క్రితం రోమను కవి ఓవిడ్ తన 'రూపపరివర్తనలు' అనే కావ్యంలో అరెతూసా అనే వనకన్య నీటి ఊటగా మారిపోయిన వృత్తాంతాన్ని చెప్పాడు. మధ్యయుగాల తరువాత, 15, 16 శతాబ్దాలలో, ఇటలీలో ప్రాచీన విద్యలు మళ్లీ తలెత్తినప్పుడు చిత్రకారులకూ శిల్పులకూ ఓవిడ్ కావ్యం కథల గని అయింది. ఆ వరుసలోనే బెర్నీనీ అనే శిల్పి 1622-25 సంవత్సరాల మధ్య, డాఫ్నీ అనే కన్య చెట్టుగా మారుతున్న క్షణాన్ని పాలరాతిలో చెక్కాడు. వ్రేళ్లు ఆకులవుతూ, పాదాలు వేళ్లూనుతూ ఉన్న ఆ విగ్రహం నేటికీ రోము నగరంలో ఉన్నది. ఇంగ్లీషు కవి షెల్లీ 1820 లో అరెతూసా మీదనే ఒక పద్యం వ్రాశాడు.

ఇంతమాత్రాన విశ్వనాథవారు పాశ్చాత్యులను అనుకరించారని అనుకోరాదు. శిల అయిన అహల్య మన ఇంటి కథ. భద్రాచలమనే పేరు కూడా, తపస్సు చేసి కొండగా మారిన భద్రుని కథనుంచే వచ్చింది. కాని ఒక తేడా ఉన్నది. పురాణంలో కొండ కొండే. దానికి మనస్సులోని ప్రతి కదలికా అంటగట్టరు. కిన్నెర విషయంలో వాగు తిరిగిన ప్రతి మలుపూ ఒక దుఃఖం, ప్రతి సవ్వడీ ఒక ఏడుపు. ప్రకృతిని మనిషి మనస్సుకు అద్దంగా నిలిపే ఈ పద్ధతి తెలుగులో విస్తారంగా కనిపించేది భావకవిత్వం కాలంలోనే. అప్పటికి మన కళాశాలలలో వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్సులు పాఠ్యాంశాలై ఒక తరం గడిచింది. కవి చదివినా చదవకున్నా, ఆ గాలి అంతటా ఉన్నది.

ఆ గాలి పుట్టిన చోటు చూద్దాం. 1473 ఆగస్టు 5వ తేదీన లియొనార్డో డావిన్చీ ఇటలీలోని ఆర్నో నది లోయను కలంతో గీసి, కాగితంపై తేదీ వేశాడు. అప్పటికి అతనికి 21 సంవత్సరాలు. కథగాని, దేవతగాని, రాజుగాని లేకుండా కేవలం కొండలూ లోయా ఉన్న బొమ్మ అది. అటువంటివాటిలో ఐరోపాలో నిలిచిన మొదటివాటిలో ఒకటి. అయితే ఆ యుగానికి కేంద్రం మనిషే. చిత్రంలో ప్రకృతి చాలాకాలం అతని భుజం వెనుక, కిటికీలోనుంచి కనిపించే దృశ్యంగానే ఉండిపోయింది. మూడు శతాబ్దాలు గడిచి, 1818 ప్రాంతంలో జర్మను చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ ఒక పటం వ్రాశాడు. అందులో కొండకొమ్మున ఒక మనిషి మనకు వీపు త్రిప్పి నిలబడి, మంచు కమ్మిన లోయను చూస్తూ ఉంటాడు. అతని ముఖం మనకు కనబడదు. లోయలోని మంచే అతని ముఖం అన్నట్లు ఉంటుంది. కాల్పనికోద్యమం అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే ఉపాధ్యాయులు ఈ రెండు బొమ్మలనూ ప్రక్కప్రక్కన చూపితే చాలును.

ఫ్రీడ్రిష్ 1798 నుంచి చనిపోయేవరకు డ్రెస్డెన్ నగరంలో నివసించాడు. ఆ నగరానికి కొద్ది మైళ్ల దూరాన ఉన్న తారంట్ అనే ఊళ్లో 1811 లో హైన్రిష్ కోటా అనే ఆయన అటవీశాస్త్ర పాఠశాల నెలకొల్పాడు. చిత్రకారుడు అడవిలో మనస్సును చూస్తున్న రోజులలోనే, అదే సీమలో అటవీశాస్త్రజ్ఞుడు అడవిలో లెక్కను చూశాడన్నమాట. చరిత్ర గ్రంథాలు ఈ ఇద్దరినీ ఒక పుటలో చెప్పవు, చెప్పవలసింది.

ఆ లెక్కకు మూలం గనులు. సాక్సనీలో వెండి కరగించే కొలుములకు కట్టెలు చాలక, కార్లోవిట్స్ అనే గనుల అధికారి 1713 లో ఒక గ్రంథం ప్రకటించాడు. పెరిగినంతే నరకవలెనన్నది దాని సారాంశం. తరువాతివారు దీనికి గణితం జోడించారు. చెట్టు ఎదగడానికి 80 సంవత్సరాలు పడుతుందనుకొంటే, అడవిని 80 భాగాలు చేసి ఏటా ఒక భాగం కొట్టి, అక్కడ మళ్లీ నాటాలి. అప్పుడు అడవి ఎన్నటికీ తరగదు, ఆదాయమూ ఆగదు. సిద్ధాంతం చక్కనిదే. కాని అందులో చెట్లకు తప్ప మనుష్యులకు గడి లేదు.

ఈ విద్య నేర్చిన జర్మనులే భారతదేశంలో అటవీశాఖకు పునాది వేశారు. బాన్ నగరంలో పుట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిష్ బ్రాండిస్ 1864 లో అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. రైలుపట్టాల క్రింద వేసే దుంగలకోసం టేకుకు గిరాకీ పెరిగిన కాలమది. 1865, 1878 సంవత్సరాలలో అటవీ చట్టాలూ, 1882 లో మద్రాసు అటవీ చట్టమూ వచ్చాయి.

భద్రాచలం ప్రాంతం 1860 లో నిజామునుంచి ఇంగ్లీషువారికి సంక్రమించి, కొంతకాలం మధ్యరాష్ట్రాల క్రింద ఉండి, 1874 లో మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఈ మార్పు కాగితంమీద సరిహద్దుగీత జరగడం మాత్రమే. కాని రేకపల్లి సీమలోని కొండవారికి అది బ్రతుకుతెరువు ప్రశ్న అయింది. మధ్యరాష్ట్రాల ఏలుబడిలో పోడు కొట్టుకొనేవాడు గొడ్డలికి 4 అణాలు చెల్లిస్తే సరిపోయేది. మద్రాసు ప్రభుత్వం ఆ పన్నును దాదాపు మూడింతలు చేసి, కొన్ని అడవులలో పోడును పూర్తిగా నిషేధించింది. 1879 మార్చిలో రంప సీమలో, కల్లుపన్నుపైనా మన్సబుదారు జులుంపైనా తిరుగుబాటు లేచినప్పుడు, జూలై నాటికి అది రేకపల్లికి ప్రాకడంలో ఆశ్చర్యం లేదు.

పోడు అంటే అడవిని తగలబెట్టడమేనని నాటి అధికారులు నమ్మారు. కాని కొండరెడ్డి కొంత మేర చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో రెండు మూడేళ్లు జొన్న, సామ పండించి, ఆ నేలను చాలా ఏళ్లు వదలివేసేవాడు. అడవి మళ్లీ పెరిగేది. ఇదీ సంవత్సరాల లెక్కే; కోటా పాఠశాల లెక్కకు ఇది దూరపు చుట్టం. జనం కొద్దిగా, అడవి విస్తారంగా ఉన్నంతకాలం ఇది సాగింది. అడవికి గీతలు గీసి జాగా కుదించగా, వదలివేసే ఏళ్లు తగ్గి, నేల నిస్సారమైంది. ఆ తరువాత, చూశారా, పోడు నాశనకరమే అన్నారు.

ఇక మనిషి విషయం. అడవి మనిషిని గురించి ఐరోపావారి ఆలోచన కూడా పునరుజ్జీవన కాలంలోనే కొత్త దారి పట్టింది. 1562 లో రూఅన్ నగరానికి బ్రెజిలు దేశస్థులను కొందరిని తెచ్చారు. ఫ్రెంచి రచయిత మాంటేన్ వారిలో ఒకనితో మాట్లాడాడు. 1580 లో ప్రకటించిన వ్యాసాలలో ఒకచోట అతడు వ్రాసిన దాని తాత్పర్యమిది: ఈ నగరంలో కొందరు కడుపునిండా తింటుంటే కొందరు వాకిళ్లలో అడుక్కొంటున్నారే, వారు వీరి గొంతు ఎందుకు పట్టుకోరు అని ఆ వచ్చినవారు ఆశ్చర్యపోయారట. అనాగరికుడని చూడబోయినవాడే తిరిగి తమను చూశాడు. ఐరోపా తనను తాను ప్రశ్నించుకొన్న ఘట్టాలలో ఇది గొప్పది.

తరువాత ఈ ప్రశ్న మొద్దుబారింది. 1755 లో రూసో మానవుల అసమానతలపై వ్రాసిన గ్రంథంలో సహజస్థితిలోని మానవుణ్ణి ఊహించాడు. ఆస్తి లేదు, అప్పు లేదు, అసూయ లేదు. రూసో దానిని వాదం కొరకు కల్పించుకొన్న ఒక స్థితిగానే చెప్పాడు. చదివినవారు మాత్రం అటువంటి మనిషి ఏదో అడవిలో నిజంగా ఉన్నాడని వెదకసాగారు. 1789 లో విలియం జోన్సు ఇంగ్లీషులోకీ, 1791 లో ఫార్‌స్టర్ జర్మనులోకీ తెచ్చిన 'శాకుంతలం' ఈ వెదుకులాటకు మన దేశంనుంచి అందిన కానుక. ఆశ్రమంలో లేళ్లతో పెరిగిన శకుంతలలో వారికి ప్రకృతి కన్య కనబడింది. కాళిదాసు నాగరికత ఎంత పండినదో వారిలో కొద్దిమందికే తోచింది.

ఆ కొద్దిమందిలో హెర్డర్ ఒకడు. రీగా నగరంలో ఉపాధ్యాయుడుగా ఉన్నప్పుడు చుట్టుప్రక్కల లాట్వియా రైతులు పాడుకొనే పాటలు విని, ప్రతి జాతికీ తనదైన గొంతు ఉన్నదని గ్రహించాడు. 1778-79 లో అనేక జాతుల జానపద గేయాలను జర్మనులోకి మార్చి రెండు సంపుటాలుగా ప్రకటించాడు. రూసో అడవి మనిషిని ఊహించాడు. హెర్డర్ అతని మాట వినాలన్నాడు. తరువాత జర్మను దేశాలలో పెరిగిన జానపద విజ్ఞానానికీ, మానవజాతి శాస్త్రానికీ ఈ రెండవ మాటే విత్తనం.

ఆ శాస్త్రం వియన్నాలో చదివినవాడే క్రిస్టొఫ్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909 లో జన్మించాడు. 1939 లో యుద్ధం వచ్చేసరికి భారతదేశంలో ఉన్నాడు. హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించినందున అతని చేతిలో ఉన్నది జర్మను పాస్‌పోర్టు. అందుచేత శత్రుదేశపు పౌరుడయ్యాడు. నిజాం రాజ్యంలో ఉండి పరిశోధన చేసుకొనేందుకు మాత్రం అనుమతి దొరికింది. మొదట నల్లమల చెంచులలో పనిచేసి, 1941 లో భార్య ఎలిజబెత్‌తో గోదావరి తీరానికి, నాటి వరంగల్లు జిల్లా పాల్వంచ తాలూకాకు వచ్చాడు. పాపికొండలలోని కొండరెడ్లపై అతని గ్రంథం 1945 లో లండనులో అచ్చయింది. ఇంగ్లీషు పటాలలో పాపికొండలకు అడవిదున్నల కొండలని పేరు. పుస్తకానికీ అదే పేరు పెట్టాడు.

సహజస్థితిలోని మానవుణ్ణి వెదికేవారికి ఆ పుస్తకం నిరాశ కలిగిస్తుంది. కొండమీది రెడ్లు నాగలి లేకుండా, మొనదేలిన కర్రతో నేల గుచ్చి గింజలు వేయడం, జీలుగు కల్లుతో కరువు రోజులు గడపడం అతడు శ్రద్ధగా వర్ణించాడు. కాని అంతటితో ఆగలేదు. కొండమీది రెడ్లు, నది ఒడ్డు రెడ్లు, మైదానం రెడ్లు మూడు తీరుల బ్రతుకుతున్నారని చూపాడు. నది ఒడ్డువారు కలపవర్తకుల కూపులలో వెదురు నరికి, తెప్పలు కట్టి గోదావరిలో దింపే కూలీలు. వర్తకుడు బియ్యం, బట్టలు అప్పుగా ఇచ్చి పద్దు వ్రాసుకొంటాడు, కూలి ఎంత జమ అయినదీ చదువురాని రెడ్డికి తెలియదు, అప్పు తీరదు. వేలయేళ్లుగా కదలని జాతి అని దూరంనుంచి అనిపించిన జనం, రాజమండ్రి కలప అడితీల ధరలకు కట్టుబడి ఉన్నారు. గ్రంథానికి ఉపశీర్షిక కూడా, సంస్కృతుల సంపర్కంవల్ల కలిగే మార్పును గురించిన పరిశీలన అనే.

హైమన్‌డార్ఫ్‌లోనూ కాల్పనికత లేకపోలేదు. కొండమీది బ్రతుకును వర్ణించేటప్పుడు అతని కలానికి వచ్చే మార్దవం వర్తకుల ఊళ్ల దగ్గర కనిపించదు. అయినా అతడు చూసినదాన్ని ప్రభుత్వానికి నివేదికలుగా పంపాడు. తరువాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాలలో సలహాదారు అయ్యాడు. 1356 ఫసలీలో, అంటే 1946-47 లో, హైదరాబాదు గిరిజన ప్రాంతాల నిబంధన వెలువడింది. నదికి ఆవలి ఒడ్డున, మద్రాసు ఏజన్సీలో, కొండవారి భూములు ఇతరులకు పోకుండా 1917 నుంచే ఒక చట్టం ఉన్నది. ఒకే రెడ్డి కుటుంబంలో ఇద్దరన్నదమ్ములు రెండు ఒడ్డుల ఉంటే, రెండు ప్రభుత్వాల చట్టాలు వారికి వర్తించేవి. భద్రాచలం 1959 లో ఖమ్మం జిల్లాలో కలిసేవరకు గోదావరి ఆ విధంగా జిల్లాల హద్దుగానే ఉండిపోయింది. 2014 లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు మారినప్పుడు గీత మరొకసారి జరిగింది. రేకపల్లి ఉన్న వరరామచంద్రపురం మండలం వాటిలో ఒకటి.

విశ్వనాథవారు కిన్నెరసానిని పాడిన తరువాత సుమారు రెండు దశాబ్దాలలోపే, అదే అడవిసీమలో హైమన్‌డార్ఫ్ రెడ్ల అప్పుల పద్దులు వ్రాసుకొన్నాడు. మన పాఠశాలల్లో మొదటిది తెలుగు తరగతిలో వస్తుంది; రెండవది సాంఘికశాస్త్రంలో కూడా అరుదుగా వస్తుంది. కిన్నెరసాని మీద నేడు ఆనకట్ట ఉన్నది. దాని జలాశయం నీరు కొత్తగూడెం విద్యుత్ కేంద్రానికి పోతుంది. చుట్టూ ఉన్న అడవి 1977 నుంచి అభయారణ్యం.

హైమన్‌డార్ఫ్ 1970 దశకం చివర ఈ ప్రాంతాలకు తిరిగి వచ్చి, తాను ముందు చూసిన జాతుల స్థితిని పోల్చి 1982 లో మరొక గ్రంథం ప్రకటించాడు. 1995 లో లండనులో మరణించాడు. అతడు తీసిన వేలాది ఛాయాచిత్రాలు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యల సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిని ఇప్పుడు కంప్యూటరుపై ఎవరైనా చూడవచ్చును.