ఇంటి కంప్యూటరు నుంచి బయటికి వెళ్లే డేటాపై నిఘా

ఇంటర్నెట్‌కు అనుసంధానమైన కంప్యూటరులో డేటా రెండు దిశల్లో ప్రయాణిస్తుంది. బయటి నుంచి లోపలికి వచ్చేదానిని ఇన్‌బౌండ్ ట్రాఫిక్ అనీ, లోపలి నుంచి బయటికి వెళ్లేదానిని అవుట్‌బౌండ్ ట్రాఫిక్ అనీ అంటారు. సాధారణ వినియోగదారుల భయమంతా మొదటిదాని గురించే. వాస్తవానికి ఇళ్లలోని రౌటర్లు బయటి నుంచి పిలవకుండా వచ్చే కనెక్షన్లను చాలావరకు గుమ్మం వద్దే ఆపివేస్తాయి. అందువల్ల నేటి మాల్వేర్ మరో మార్గం ఎంచుకుంటుంది. ఈమెయిల్ జోడింపుగానో, ఉచిత సాఫ్ట్‌వేర్ రూపంలోనో లోపలికి చేరి, ఆ తర్వాత తానే బయటి సర్వరుకు కబురు పంపుతుంది. లోపలి నుంచి మొదలైన సంభాషణ కనుక రౌటరు దానిని అడ్డగించదు.

కంప్యూటరులోని ఫైర్‌వాల్ మాత్రం దీనిని ఆపదా అన్న సందేహం సహజమే. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ దానంతట అదే పనిచేయడం మొదలైంది. అయితే అది లోపలికి వచ్చేవాటిని మాత్రమే పరిశీలించేది. తర్వాత వచ్చిన విస్టాలో బయటికి వెళ్లేవాటిని నియంత్రించే సదుపాయం చేరినా, ప్రత్యేక నిబంధన లేనంతవరకు అన్నింటినీ అనుమతించడమే అప్రమేయ అమరిక. విండోస్ 11లోనూ అదే కొనసాగుతోంది. మాక్ కంప్యూటర్లలోని అంతర్గత అప్లికేషన్ ఫైర్‌వాల్ దృష్టి కూడా ఇన్‌బౌండ్ మీదే. ప్రతి ప్రోగ్రాముకూ అనుమతి అడిగితే వినియోగదారుడు విసిగి, చదవకుండానే ‘సరే’ నొక్కుతాడన్నది కాదనలేని వాదన.

నమ్మకమైన సంస్థ నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌కు ఈ ప్రమాదం ఉండదనుకోవడం పొరపాటని 2017లో సీక్లీనర్ ఉదంతం చూపింది. కంప్యూటరులోని అనవసర ఫైళ్లను తొలగించే ఈ ప్రోగ్రాము 5.33 వెర్షన్‌లోకి దుండగులు తమ కోడ్‌ను చొప్పించారు. అధికారిక వెబ్‌సైటు నుంచే, చెల్లుబాటయ్యే డిజిటల్ సంతకంతోనే అది పంపిణీ అయింది. కంప్యూటరు పేరు, అందులోని సాఫ్ట్‌వేర్ల జాబితా వంటి వివరాలను సేకరించి బయటి సర్వరుకు చేరవేసింది. ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లకు ఆ వెర్షన్ చేరింది. అదే ఏడాది సెప్టెంబరులో సిస్కో సంస్థకు చెందిన టాలోస్ విభాగం ఈ విషయాన్ని వెల్లడించింది.

గమనించడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. విండోస్‌లోని రిసోర్స్ మానిటర్‌లో నెట్‌వర్క్ విభాగాన్ని తెరిస్తే ఏ ప్రోగ్రాము ఏ చిరునామాతో మాట్లాడుతోందో, ఎంత డేటా పంపుతోందో కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా అందించే టీసీపీవ్యూ ఇదే సమాచారాన్ని మరింత స్పష్టంగా చూపుతుంది. ముందుగా బ్రౌజరునూ, ఇతర అప్లికేషన్లనూ మూసివేసి చూడడం మేలు. అప్పటికీ డజన్ల కొద్దీ కనెక్షన్లు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. అప్‌డేట్లు, గడియారం సరిచూసుకోవడం, క్లౌడ్ నిల్వ వంటివి నిరంతరం జరుగుతూనే ఉంటాయి. ఎస్‌వీసీహోస్ట్ అన్న పేరు పలుమార్లు కనిపించడం మామూలే. అదే పేరుగల ఫైలు విండోస్ సిస్టమ్ ఫోల్డరులో కాక డౌన్‌లోడ్ల ఫోల్డరులోనో, తాత్కాలిక ఫోల్డరులోనో ఉంటే మాత్రం అనుమానించవలసిందే. ఎవరూ వాడని వేళ భారీ అప్‌లోడ్ జరగడం, ఒక ప్రోగ్రాము 25వ పోర్టు ద్వారా అనేక మెయిల్ సర్వర్లను సంప్రదించడం కూడా అటువంటి సంకేతాలే. రెండోది కంప్యూటరు స్పామ్ పంపే బాట్‌గా మారిందనడానికి బలమైన సూచన. 443వ పోర్టు ద్వారా వెళ్తున్నదంతా సురక్షితమనుకోరాదు. మాల్వేర్ కూడా ఆ దారినే ఇష్టపడుతుంది.

కొత్త ప్రోగ్రాము బయటికి వెళ్లబోయిన ప్రతిసారీ అనుమతి కోరే సాధనాలూ ఉన్నాయి. మాక్‌కు లిటిల్ స్నిచ్, ఉచితంగా లభించే లూలూ, లినక్స్‌కు ఓపెన్‌స్నిచ్, విండోస్‌కు సింపుల్‌వాల్ ఆ కోవలోవి. మొదటి కొద్ది రోజులు వాటి ప్రశ్నలతో నిజంగానే విసుగు పుడుతుంది.

ఈ నిఘాకు హద్దులున్నాయి. డేటా గుప్తీకరణలో ఉంటుంది కనుక ఎక్కడికి, ఎంత వెళ్తోందన్నదే తెలుస్తుంది. ఏమి వెళ్తోందన్నది తెలియదు. అదీగాక, సిస్టమ్ లోతుల్లోకి చొరబడిన మాల్వేర్ తన కనెక్షన్లను జాబితాలో కనబడకుండా దాచగలదు. అందుకే కొందరు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరులో పై-హోల్‌ను అమర్చి, ఇంట్లోని పరికరాలన్నీ ఏ వెబ్ చిరునామాల కోసం వాకబు చేస్తున్నాయో విడిగా నమోదు చేసుకుంటారు.

అనుమానం బలపడితే ముందుగా నెట్‌వర్క్ కేబులును తీసివేయాలి లేదా వైఫైని నిలిపివేయాలి. పాస్‌వర్డ్‌లను అదే కంప్యూటరులో కాక వేరొక పరికరం నుంచి మార్చుకోవాలి. సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017లో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో బాట్‌లను తొలగించే ఉచిత సాధనాలు లభిస్తాయి. బ్యాంకు ఖాతా నుంచి సొమ్ము పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.