ఉర్దూలో మొదలై ఇంగ్లిషుకు మారిన ఉస్మానియా న్యాయవిద్య

అబిడ్స్: నాంపల్లి క్రిమినల్ కోర్టుల ఆవరణలో వకాలత్‌నామా, జమానత్, దస్తావేజు, హాజరు వంటి మాటలు నేటికీ వినిపిస్తూనే ఉంటాయి. నగరంలో చట్టం ఒకప్పుడు ఏ భాషలో నడిచిందో చెప్పే ఆనవాళ్లివి.

నిజాం సంస్థాన న్యాయస్థానాల్లో 19వ శతాబ్ది చివరి భాగంలో ఫారసీ స్థానంలో ఉర్దూ ప్రవేశించింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917 ఏప్రిల్ 26న ఉర్దూ మాధ్యమ విశ్వవిద్యాలయానికి ఫర్మానా జారీ చేశారు. 1919 ఆగస్టు 28న అబిడ్స్ సమీపాన, నిజాం కళాశాలను ఆనుకొని ఉన్న భవనంలో 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులతో తరగతులు ఆరంభమయ్యాయి. 1920వ దశకంలో న్యాయశాస్త్రమూ బోధనాంశమైంది. ఇంగ్లిషు గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చేందుకు దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ 1917లోనే ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి సారథ్యం వహించారు.

ఉన్నత విద్యను దేశభాషలో బోధించడం ఆ రోజుల్లో సాహసమే. అయితే సంస్థాన ప్రజల్లో అత్యధికుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన విద్యార్థికి ఉర్దూ సైతం కష్టపడి నేర్వవలసిన భాషే. 1921 నవంబరులో వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సంఘ సంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘం స్థాపనకు దారితీసింది. దాని ప్రముఖుల్లో బూర్గుల రామకృష్ణారావు వంటి న్యాయవాదులు ఉండటం గమనార్హం.

1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక బోధనా మాధ్యమం ఇంగ్లిషుకు మారింది. ఉర్దూలో చట్టం చదివి, ఉర్దూలో వాదించిన వకీళ్లు నడివయస్సులో కొత్త భాషకు అలవాటు పడవలసి వచ్చింది.

అనంతర కాలంలో ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివిన వారిలో జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి ఒకరు. 1971లో పట్టా పొందిన ఆయన 2007 నుంచి 2011 వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా వ్యవహరించారు. విశ్వవిద్యాలయ ప్రధాన న్యాయ కళాశాల క్యాంపస్‌లో ఉండగా, పీజీ న్యాయ కళాశాల బషీర్‌బాగ్‌లోనే కొనసాగుతోంది.

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఉన్నత న్యాయస్థానాల భాష ఇంగ్లిషు. తెలంగాణ హైకోర్టు తొలిసారి తెలుగులో తీర్పు వెలువరించినది 2023 జూన్‌లో, ఒక ఆస్తి వివాదంలో. దానికి ఇంగ్లిషు ప్రతిని కూడా జతచేశారు.