న్యూజిలాండ్‌లో సోషల్ మీడియా, ప్రజాభిప్రాయం

న్యూజిలాండ్ ప్రజలు ఫేస్‌బుక్, ట్విటర్, ఆన్‌లైన్ పిటిషన్ల ద్వారా ప్రభుత్వంతో మాట్లాడటానికి ఎంతవరకు ముందుకొస్తారన్నది 2007 నుంచి అనేక సందర్భాల్లో తేలుతూ వచ్చింది. ఆ దేశ జనాభా 50 లక్షలకు కాస్త ఎక్కువ. పార్లమెంటులో ఒకే సభ ఉంది, ఎగువ సభను 1950లో రద్దు చేశారు. బిల్లును రెండోసారి తరచి చూసే సభ లేదు కాబట్టి బిల్లులను పరిశీలించే పార్లమెంటు సభ్యుల బృందానికి, అంటే సెలెక్ట్ కమిటీకి, జనం రాసి పంపే అభిప్రాయాలకు అక్కడ బరువు ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఎంత హడావిడి జరిగినా చివరికి ఆ కమిటీ ముందుకో, బ్యాలెట్ పెట్టె దగ్గరికో చేరాల్సిందే.

మన దగ్గర సోషల్ మీడియాలో ప్రభుత్వాన్ని పలకరించడమంటే ఎక్కువగా సొంత అర్జీయే. తెలంగాణలో కె.టి. రామారావు మంత్రిగా ఉన్న రోజుల్లో ట్విటర్‌లో వచ్చే వినతులకు జవాబివ్వడం అందరికీ తెలిసిందే. న్యూజిలాండ్‌లో చెప్పుకోదగ్గ ఘట్టాలు ఎక్కువగా చట్టాలకు, ఊరి ప్రణాళికలకు, జాతీయ చిహ్నాలకు సంబంధించినవి.

తొలి ప్రయోగం

1958 నాటి పోలీసు చట్టాన్ని మార్చే పనిలో ఉన్న పోలీసు శాఖ 2007 సెప్టెంబరులో ఒక వికీ తెరిచింది. కొత్త చట్టంలో ఏముండాలో ఎవరైనా అందులో రాయవచ్చు, ముందువాళ్లు రాసింది దిద్దవచ్చు. అక్కడ రాసింది ప్రభుత్వం పాటించి తీరాలన్న నియమం లేదు. సలహాగా మాత్రమే తీసుకున్నారు. కొత్త చట్టం 2008 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. క్రమశిక్షణే ప్రాణంగా పనిచేసే శాఖ తన చట్టం ముసాయిదాను జనం చేతికివ్వడం ఆనాటికి నిజంగా సాహసమే.

క్రైస్ట్‌చర్చ్: లక్ష ఆలోచనలు

2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపంలో క్రైస్ట్‌చర్చ్ నగరంలో 185 మంది చనిపోయారు, నగరం నడిబొడ్డు శిథిలమైంది. అంతకు ముందు 2010 సెప్టెంబరులో వచ్చిన భూకంపం తర్వాతే కాంటర్‌బరీ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఫేస్‌బుక్ పేజీ పెట్టి, వీధుల్లో పేరుకుపోయిన బురదను పారలతో ఎత్తిపోసే స్వచ్ఛంద దళాన్ని కూడగట్టారు. ఫోన్‌లో చూసిన పిలుపుకు పార పట్టుకుని బయల్దేరే అలవాటు ఆ ఊరికి అప్పటికే ఉంది.

నడిబొడ్డును తిరిగి కట్టే ప్రణాళిక తయారుచేసే బాధ్యతను చట్టం నగరపాలక మండలికి అప్పగించింది. మండలి 2011 మే నెలలో ‘షేర్ యాన్ ఐడియా’ అనే కార్యక్రమం మొదలుపెట్టి, మీ నగరం ఎలా ఉండాలని అడిగింది. జనం ఆన్‌లైన్‌లో రాశారు, సభలకొచ్చి రంగు చీటీల మీద రాసి గోడలకు అంటించారు. ఆరు వారాల్లో 1,06,000 ఆలోచనలు వచ్చాయి. ఎత్తు తక్కువ భవనాలు, ఏవన్ నది వెంట పచ్చదనం, నడవడానికి, సైకిల్ తొక్కడానికి అనువైన వీధులు కావాలన్నారు. ఇళ్లు కూలి, మరుగుదొడ్లు కూడా సరిగా పనిచేయని రోజుల్లో వచ్చిన స్పందన ఇది.

తర్వాత జరిగింది చేదు కథ. మండలి పంపిన ప్రణాళికను కేంద్ర ప్రభుత్వం యథాతథంగా ఒప్పుకోలేదు. 2012 ఏప్రిల్‌లో తన సొంత విభాగాన్ని పెట్టి, వంద రోజుల్లో కొత్త నమూనా గీయించి జులై 30న విడుదల చేసింది. నదీతీర ఉద్యానం నిలిచింది. మండలి ముసాయిదాలోని లైట్ రైలు పోయింది. పెద్ద స్టేడియం, సమావేశ కేంద్రం ముందుకొచ్చాయి. అడిగినవాళ్లు ఒకరు, తేల్చినవాళ్లు ఇంకొకరు. అంత ఉత్సాహంగా రాసినవాళ్లు ఆ తీరుకు నొచ్చుకోవడం సహజం.

జెండా వివాదం

జాతీయ జెండాను మార్చాలా వద్దా అన్నది రిఫరెండంతో తేల్చే క్రమంలో 2015లో కొత్త జెండా కోసం 10,292 నమూనాలు వచ్చాయి. తుది జాబితాలో నాలుగు మిగిలాయి. జాబితాలో చోటు దక్కని ‘రెడ్ పీక్’ నమూనా కోసం సోషల్ మీడియాలో ఉద్యమం లేచి, దాదాపు 50,000 సంతకాలు పోగయ్యాయి. పార్లమెంటు రిఫరెండం చట్టాన్ని సవరించి దాన్ని అయిదో ఎంపికగా చేర్చింది. ఆన్‌లైన్ ఒత్తిడితో నెల తిరక్కుండానే చట్టం మారడం చిన్న విషయం కాదు. అయితే కొత్త నమూనాను ఎంచుకునే తొలి రిఫరెండంలో రెడ్ పీక్‌కు మూడో స్థానమే దక్కింది. 2016 మార్చిలో జరిగిన రెండో రిఫరెండంలో 56.6 శాతం పాత జెండానే ఉంచమన్నారు.

కోవిడ్ కాలం

2020 మార్చి 25 రాత్రి లాక్‌డౌన్ మొదలవడానికి కొన్ని గంటల ముందు ప్రధాని జసిండా ఆర్డర్న్ పాపను నిద్రపుచ్చి, ఇంట్లో వేసుకునే స్వెట్‌షర్టులోనే ఫేస్‌బుక్ లైవ్‌కు వచ్చి జనం అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఆ చనువు చాలామందికి ధైర్యమిచ్చింది. అవే వేదికలు తప్పుడు ప్రచారానికీ దారిచ్చాయి. 2022 ఫిబ్రవరిలో టీకా నిబంధనలను వ్యతిరేకించేవారు వెల్లింగ్టన్‌లో పార్లమెంటు ఆవరణను మూడు వారాలకు పైగా ఆక్రమించారు. అంతకు మూడేళ్ల ముందు, 2019 మార్చి 15న, క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపిన హంతకుడు ఆ దారుణాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. ఇలాంటి చోట మైనారిటీలు, ముఖ్యంగా మహిళలు, సొంత పేరుతో మాట్లాడటానికి జంకితే తప్పు వాళ్లది కాదు.

ఒప్పందం బిల్లు

బ్రిటిష్ రాజరికానికి, మూలవాసులైన మావోరీల పెద్దలకు మధ్య 1840లో కుదిరిన వైటాంగి ఒప్పందం సూత్రాలకు కొత్త నిర్వచనం ఇవ్వాలన్న బిల్లును నిరసిస్తూ 2024 నవంబరులో మావోరీ సభ్యులు సభలో తమ సంప్రదాయ నృత్యం హాకా చేశారు. ఆ వీడియోను ప్రపంచమంతా కోట్లసార్లు చూసింది. బిల్లుపై సెలెక్ట్ కమిటీకి అభిప్రాయం ఎలా రాయాలో చెప్పే సూచనలు ఆన్‌లైన్‌లో చేతులు మారాయి. పార్లమెంటు వెబ్‌సైటు తాకిడికి తట్టుకోలేకపోవడంతో గడువును 2025 జనవరి 14 వరకు పెంచారు. మూడు లక్షలకు పైగా అభిప్రాయాలొచ్చాయి. అంతకు ముందు రికార్డు దాదాపు 1,07,000. రాసినవారిలో దాదాపు 90 శాతం బిల్లును వ్యతిరేకించారు. ఏప్రిల్ 10న 112–11 ఓట్లతో బిల్లు వీగిపోయింది.

ఆక్లండ్, హామిల్టన్‌లలో స్థిరపడిన తెలుగువారికి ఇందులో ఒక సంగతి ముఖ్యం. సెలెక్ట్ కమిటీకి అభిప్రాయం పంపడానికి పౌరసత్వం అక్కర్లేదు. శాశ్వత నివాస హక్కు ఉండి, ఏడాది పాటు అక్కడే ఉన్నవారికి ఓటు కూడా ఉంది. వాట్సాప్ గ్రూపులో చర్చించిన మాటనే కమిటీకి కూడా రాసి పంపండి.