మోటారు పొగగొట్టము: బొగ్గు బస్సులు నేర్పిన పాఠము



చరిత్ర యనగానే రాజులు, యుద్ధములు, శాసనములు మన తలపునకు వచ్చును. కాని మనుష్యుడు తన చేతితో చేసికొన్న పనిముట్టునకును చరిత్ర కలదు. నేటి ప్రసంగమునకు వస్తువు మోటారుబండి క్రింద దుమ్ములో వ్రేలాడు పొగగొట్టము. దాని స్థానము తక్కువదైనను పని తక్కువది కాదు. దానిని సరిగా బిగింపనిచో బండి చెడుటయే కాదు, ప్రాణములే పోవచ్చును. మన కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములనుండి పోయి పట్టణములలో మెకానిక్కులుగా బ్రదుకుచున్న పిల్లలు మన యిండ్లలో నున్నారు. ఈ నాలుగు మాటలను పెద్దలు విని వారి చెవిని వేయుదురని నా యాశ.

జర్మనీదేశమున కార్లు బెంజి తన మోటారుబండికి 1886 జనవరి 29వ తేదీన పేటెంటు హక్కునకై దరఖాస్తు చేసెను. యంత్రములోపల చమురు ప్రేలుటచేతనే ఆ బండి నడచును. ప్రేలుడు ఉన్నచోట చప్పుడు తప్పదు, పొగయు తప్పదు. అమెరికాలో రీవ్సు సోదరులు 1897లో ఆ చప్పుడును అణచు పెట్టెకు పేటెంటు పొందిరి. ఇరుకైన గొట్టమునుండి వడిగా వచ్చు వాయువు విశాలమగు పెట్టెలోనికి చొచ్చి వ్యాపించి, వేగము తగ్గి, పిమ్మట మెల్లగా వెలికి పోవును. కాలువనీరు చెరువులో పడి నెమ్మదించినట్లే యిదియును. నేడు మనము సైలెన్సరు అనునది ఆ పెట్టెయే. 1989 నాటి కేంద్ర మోటారు నిబంధనలు ప్రతి బండికిని అది యుండితీరవలెనని శాసించుచున్నవి.

మన తెలుగునాట నిజాము ప్రభుత్వము 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించెను. మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో మాత్రము బస్సులు ప్రైవేటు యజమానుల చేతిలో నుండెను. అప్పుడు కనిగిరి సీమ నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను చేరియుండెను. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడే యివి యొక్కటియైనవి. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి, 1941లో పెట్రోలునకు రేషను విధింపబడెను. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. బర్మా నూనె మనకు దూరమయ్యెను. అప్పుడు బస్సుల వెనుకభాగమున ఇనుప పొయ్యిలు వెలసెను. అవియే మన పెద్దలు చెప్పుకొను బొగ్గు బస్సులు.

ఆ పొయ్యిలో కట్టెబొగ్గు నింపి, నిప్పు రగిల్చి, చేతిపిడిగల పంకాను త్రిప్పుచు గాలి కొట్టెడివారు. బొగ్గు మండగా పుట్టిన వాయువు ఎఱ్ఱని నిప్పులగుండ మరల సాగునపుడు మండెడి గుణముగల విషవాయువుగా మాఱును. దానికి కార్బన్ మోనాక్సైడు అని పేరు. బొగ్గుబస్సు వాయువులో నాలుగవవంతునకు పైగా అదియే. ఆ వాయువును చల్లార్చి, వడగట్టి, గొట్టములద్వారా యంత్రమునకు పంపెడివారు. పెట్రోలుతో వచ్చు బలములో మూడవవంతునకు తక్కువ కాకుండ నష్టమయ్యెడిది. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడచుటయు, వెనుకనుండి నెట్టుటయు ఆనాటి పరిపాటి.

ఈ బస్సులు మెకానిక్కులకు గొప్ప పాఠమును నేర్పినవి. పొయ్యినుండి యంత్రమునకు పోవు గొట్టములో యంత్రము వాయువును పీల్చును. అచ్చట అతుకు వదులైనచో బయటిగాలి లోపల చొరబడి బండి ఆగిపోవును. యంత్రమునుండి వెలువడు పొగగొట్టములో వాయువు వెలికి నెట్టబడును. అచ్చట అతుకు వదులైనచో విషము బయటికి వచ్చి, పలకల సందులనుండి కూర్చున్నవారి ముక్కునకు చేరును. బండి ఆగిన తరువాతను పొయ్యి రగులుచుండుటచేత మొదటి గొట్టమునుండియు విషము కాఱును. కావుననే బొగ్గు బస్సును మూసిన కొట్టమున నిలుపరాదు. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువునకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో దానిని పట్టుకొనును. తలనొప్పి, మగత, పిమ్మట స్మృతితప్పుట - ఇది దాని క్రమము.

యుద్ధానంతరము బొగ్గు బస్సులు క్రమముగా పోయినవి, పొగగొట్టము నిలిచినది. 1961లో మదరాసులోని స్టాండర్డు మోటారు కంపెనీ హెరాల్డు కార్లను చేయ మొదలిడెను. ఇంగ్లండులో 1962లో వెలువడిన ట్రయంఫు స్పిట్‌ఫైరు అను స్పోర్ట్సు కారు ఆ హెరాల్డు చట్రమునే కుదించి నిర్మింపబడినది. కావున హెరాల్డును ఎఱిగిన మన మెకానిక్కునకు స్పిట్‌ఫైరు పరాయిది కాదు, అన్నదమ్ముల బిడ్డ. ఇట్టి పాతకార్ల పొగగొట్టమును బిగించుటలో అనుభవజ్ఞులు పాటించు ఉపాయములను చెప్పెదను.

మొదట, బండి క్రిందికి దూరువాడు జాకీని నమ్మరాదు. సమమైన గట్టినేలపై బలమైన ఇనుప ఆధారములను ఉంచియే దూరవలెను. త్రుప్పు పట్టిన నట్టులకు ముందునాటి సాయంకాలమే పలుచని నూనె పోసి నాననీయవలెను. ఉదయమున పానాతో కొంచెము బిగువువైపు, కొంచెము వదులువైపు మార్చి మార్చి కదపవలెను. ఒక్కసారిగా బలము చూపినచో మఱబోల్టు తెగును. గడియలో కావలసిన పని దినమంతయు పట్టును. బండిచక్రమునకు ఇనుపపట్టా వేయునపుడు కమ్మరి దానిని కాల్చును. కాలిన యినుము వ్యాకోచించును. మొండి నట్టును కాల్చుటయు ఆ సూత్రముచేతనే. కాని పెట్రోలుతొట్టి, పెట్రోలుగొట్టము దగ్గఱగా నున్నచోట నిప్పు చూపరాదు. మరల బిగించునపుడు ఇత్తడి నట్టులు వేసినచో అవి ఉక్కుబోల్టునకు త్రుప్పుతో కరచుకొనవు.

రెండవది గాస్కెట్టు. అతుకు నడుమ నుంచు ఈ పలుచని బిళ్ళను పాతది తీసి మరల వాడరాదు. పాతకార్ల బిళ్ళలలో రాతినార, అనగా ఆస్బెస్టాసు, ఉండును. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. కావున తడిపి తీయవలెనేగాని పొడిగా గీకరాదు. అతుకు ముఖములు సమముగా నున్నవో లేవో ఇనుప బద్దను ఆనించి చూడవలెను. క్రొత్త బిళ్ళ జాఱిపోకుండ కొంచెము గ్రీజు పూసినచో అదే అంటుకొని నిలుచును. రెండు చేతులును పనికి దొరకును.

మూడవది ముఖ్యమైనది. ఏ అతుకునైనను మొదటనే గట్టిగా బిగింపరాదు. యంత్రపు మూతినుండి తోక వఱకు గొట్టములన్నిటిని, సైలెన్సరును వరుసగా తగిలించి, నట్టులను వ్రేళ్ళతోనే త్రిప్పి వదలవలెను. గొట్టము చట్రమునకుగాని, ఇరుసునకుగాని తగులుచున్నదేమో చూచి సర్దవలెను. పిమ్మట ముందునుండి వెనుకకు, ఒక అతుకులో ఎదురెదురు నట్టులను కొంచెము కొంచెముగా బిగించుచు రావలెను. పెండ్లిపందిరికి రాటలన్నియు నిలిపిన తరువాతనే కట్లు బిగింతుము గదా! ఒక చివర ముందే బిగించినచో రెండవ చివర వంకరపోయి, ఆ యీడ్పునకు పోతయినుపమూతి పగులును.

నాలుగవది వ్రేలాడదీయు రబ్బరులు. ఒక మీటరు ఉక్కుగొట్టము అయిదువందల డిగ్రీల వేడి పెరిగినపుడు సుమారు 6 మిల్లీమీటర్లు సాగును. యంత్రమును తన దిమ్మెలపై ఊగుచుండును. కావున గొట్టమునకు కదలికకు చోటు ఉండవలెను. రబ్బరులను ఎక్కించుటకు సబ్బునీరు చాలును. నూనె రబ్బరును పాడుచేయును. తోకగొట్టపు చివర బండి వెనుకభాగమును దాటి బయటికి రావలెను. కప్పు కప్పిన చిన్నకారు పరుగెత్తునపుడు వెనుక గాలి సుడి తిరిగి పొగను లోపలికి లాగును. గొట్టము పొట్టియైనచో విషము మన ఒడిలోనికే వచ్చును.

చివరగా పరీక్ష. ఆరుబయట, చల్లని యంత్రమును మెల్లగా నడపుచు, అతుకులకు సబ్బునీరు పూయవలెను. మఱియొకడు మందపు గుడ్డతో తోకను క్షణకాలము మూసినచో వదులైన అతుకునుండి బుడగలు లేచును, బుస వినబడును. బండి ఒకసారి వేడెక్కి చల్లారిన పిమ్మట నట్టులన్నిటిని మరల బిగింపవలెను. క్రొత్త బిళ్ళలు వేడికి అణగుటచేత మొదటి బిగువు నిలువదు. కొన్నాళ్ళకు అతుకుచుట్టు నల్లని మసిగీత కనబడినచో అది దారి తప్పిన పొగ సంతకము.

భారతదేశమున 1995లో నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు వచ్చెను. 2000లో దేశమంతట వ్యాపించెను. అదే కాలమున క్రొత్తకార్ల గొట్టములలో పొగను శుద్ధిచేయు పెట్టెలు చేరినవి. పాతకార్లకు ఆ రక్ష లేదు; వానికి రక్ష బిగించువాని శ్రద్ధయే. బొగ్గు బస్సును నడపినవారు కంటికి కనబడని శత్రువును అతుకుల బిగువుతోనే జయించిరి. పనివాని గౌరవము పైకి మెఱయు రంగులో లేదు. ఎవరును చూడని బండిక్రింది అతుకులో కలదు. ఈ మాటను మన పిల్లలకు చెప్పుదురని కోరుచు, ఇంతటితో విరమించుచున్నాను.