బిమిలి ఎందుకంత ప్రశాంతంగా ఉంది?

ఫోన్ తీస్తే చాలు, గ్రీస్ దీవుల రీల్సే. తెల్లగోడలు, నీలం సముద్రం, జనం లేని ఒడ్డు. కింద కామెంట్లలో మనోళ్లే, "చచ్చేలోపు ఒక్కసారైనా వెళ్లాలి బ్రో" అని. వెళ్లండి, కాదనను. నేను మాత్రం గజపతినగరంలో పొద్దున్నే బస్సెక్కి, విజయనగరంలో మారి, భీమునిపట్నం వెళ్లొచ్చాను. మనందరం పిలిచేది బిమిలి అనే కదా, నేనూ అలాగే అంటాను.

గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఊరు. పక్కనే పావురాలకొండ, దాని మీద పాత బౌద్ధ విహారం, రాతిలో తొలిచిన నీటి తొట్లు. ఒడ్డున లైట్‌హౌస్. మామూలు రోజు వెళ్తే అలల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నేను కెమెరా ఆన్ చేసి, "ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి ఫ్రెండ్స్" అన్నాను. పక్కన వల బాగు చేసుకుంటున్న ముసలాయన తలెత్తి చూశాడు. "పెశాంతం కాదు బాబూ, ఓడల్లేవు. ఓడలున్నప్పుడు ఇక్కడ కాలు పెట్టడానికి సోటుండీది కాదని మా అయ్య సెప్పీవోడు."

ఆ మాటతో నా స్క్రిప్టు మొత్తం మారిపోయింది. అందుకే ఇవాళ బీచ్ వీడియో కాదు, ఓడల కథ.

డచ్చి వాళ్లు 17వ శతాబ్దంలోనే ఇక్కడ దిగారు. వాళ్ల ఈస్టిండియా కంపెనీకి ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కావాలి. అక్కడి వాళ్లకేమో మన కోరమాండల్ తీరం బట్టలంటే ఇష్టం. అంటే మన నేతగాళ్ల గుడ్డే ఆ సుగంధ ద్రవ్యాలకి డబ్బు లాంటిది. బిమిలి ఆ వ్యాపారంలో ఒక మజిలీ. 1824లో లండన్‌లో ఇంగ్లీషు వాళ్లకీ డచ్చి వాళ్లకీ ఒప్పందం కుదిరింది. దాంతో ఇండియాలో ఉన్న డచ్చి స్థావరాలన్నీ ఇంగ్లీషు వాళ్ల చేతికి వెళ్లిపోయాయి, బిమిలితో సహా. ఊరు మాత్రం తగ్గలేదు. ఇంకా పెరిగింది.

ఇక్కడ మా ఊరు వస్తుంది. సాలూరు ఘాటు దిగి విజయనగరం వైపు వచ్చే సరుకు దారి గజపతినగరం మీదుగానే. కొండల్లో ఆదివాసీలు ఏరిన కరక్కాయలు, మా చుట్టుపక్కల పండిన నువ్వులు, గోగునార, అన్నీ బళ్ల మీద తీరానికి దిగేవి. కరక్కాయ అంటే మనకి దగ్గు మందు. ఇంగ్లండు వాళ్లకి తోలు పదును చేసే సరుకు. ఆ వ్యాపారంలో ఒక రకం కరక్కాయ పేరే 'బిమ్లీస్'. గోగునారకి కూడా ప్రపంచ మార్కెట్లో 'బిమ్లీ జూట్' అనే పేరు పడింది. ఒక్కసారి ఆలోచించండి, మన ఊరి మడుగులో కుళ్లబెట్టి ఒలిచిన నార లండన్‌లో బిమిలి పేరుతో అమ్ముడుపోయింది.

మా తాత గోగు వేసేవాడు. కట్టలు మడుగులో నానేసిన రోజుల్లో ఆ కంపు ఊరంతా. మా నాన్న ఇప్పటికీ ముక్కు మూసుకుని చెప్తాడు, "ఆ కంపే మాకు బడి ఫీజు" అని.

అయితే బిమిలికి హార్బరు లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. ఒడ్డు నుంచి మసులా పడవల్లో, అలలు దాటించి, మూటలు మోసుకెళ్లాలి. ఆ పడవలకి మేకులుండవు, పలకల్ని తాళ్లతో కుట్టేవాళ్లు. అలకి కొట్టుకున్నా వంగుతాయి తప్ప విరగవు. ఎంతమందికి పని దొరికి ఉంటుందో ఊహించుకోండి. కలాసీలు, బళ్లవాళ్లు, నార కట్టలు కట్టేవాళ్లు, లెక్కలు రాసే గుమాస్తాలు.

మరి ఏమైంది? రైలొచ్చింది. 1890ల్లో వేసిన తూర్పు తీరం లైను విజయనగరం మీదుగా వెళ్లింది, బిమిలిని పక్కన వదిలేసి. తర్వాత విజయనగరం నుంచి పార్వతీపురం లైను, మా గజపతినగరం మీదుగా. 1931 నాటికి అది రాయపూర్ దాకా కలిసింది. దాని లక్ష్యం ఒకటే, లోపలి సరుకంతా విశాఖ హార్బరుకి చేర్చడం. 1933 అక్టోబరు 7న ఆ హార్బరులోకి 'జలదుర్గ' అనే ఓడ వచ్చింది. ఓడ గట్టుకే ఆనుకుని ఆగే రేవు పక్కనే ఉంటే, పడవల్లో మూటలు మోసే రేవుకి ఎవరొస్తారు?

నాకు నచ్చని విషయం ఏంటంటే, నేను చిన్నప్పుడు టాటా చెప్పిన ఆ రైలే బిమిలి సరుకుని ఎత్తుకుపోయింది. మా ఊరికి మంచే జరిగింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ మంచి ఎవరి నోటి దగ్గరిదో ఇన్నాళ్లూ నాకు తెలీదు.

గ్రీస్‌లో కూడా ఇదే కథ ఉంది. సీరోస్ అనే దీవిలో ఎర్మూపోలి 19వ శతాబ్దంలో ఆ దేశానికే పెద్ద రేవు. తర్వాత ఏథెన్స్ పక్కన పిరేయస్ ఎదిగి దాన్ని దాటేసింది. మనం రీల్స్‌లో చూసే ఆ అందమైన పాత మేడలు కొన్ని ఓడల వ్యాపారుల ఇళ్లే.

చివరగా డచ్చి సమాధుల దగ్గరికి వెళ్లాను. కోసుగా కట్టిన పాత కట్టడాలు, రాళ్ల మీద డచ్చి అక్షరాలు. కొన్ని చోట్ల అక్షరాల మీదే మనోళ్లు ప్రేమ గుర్తులు చెక్కారు. ఒక కుర్రాడు సమాధి మీద కూర్చుని ఫోటో దిగుతున్నాడు. దిగమన్నాను. "ఎవరన్నా ఇవి?" అన్నాడు. అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. సగంలో ఫోన్ జేబులో పెట్టేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. వల సగం అయింది. "ఓడల గురించి తీశావేటి?" అని అడిగాడు. తీశానన్నాను. "మా అయ్య పేరు సెప్పావా?" అన్నాడు. చెప్పలేదు, అడగనే లేదు. అప్పుడు అడిగాను. వీడియోలో పెట్టొద్దన్నాడు, కాబట్టి ఆ పేరు నా దగ్గరే ఉంది.

వచ్చేవారం మా చంపావతి సముద్రంలో కలిసే కోనాడ వెళ్తాం. అక్కడ కూడా ముందు వలలు బాగు చేసేవాళ్లనే అడుగుతా.